వెన్నుపూసల మీద చెయ్యివేసిన మనిషి
డేనియల్ డేవిడ్ పామర్ (1845 – 1913)

(బి.ఎస్‌సి. తృతీయ సంవత్సరం విద్యార్థి, తిరుమలాయపాలెం)

మన తెలుగులో వెన్నుకున్న మర్యాద మరే అవయవానికీ లేదేమో! మంచిపని చేసినవాణ్ణి వెన్ను తడతాం. నమ్మినవాడు మోసం చేస్తే వెన్నుపోటు అంటాం. కష్టకాలంలో అండగా నిలిచినవాణ్ణి వెన్నుదన్ను అంటాం. పెద్ద పనికి పూనుకునేటప్పుడు నడుం కడతాం. చివరికి గింజ పట్టిన వరికంకిని కూడా వెన్ను అనే పిలుస్తాం. వరికి వెన్ను విరిగితే పంట పోయినట్టే, రైతుకు వెన్ను విరిగితే ఇల్లు పోయినట్టే.

ఇలాంటి సంచికల్లో సి.వి.రామన్ గురించీ, మేడం క్యూరీ గురించీ, మన యల్లాప్రగడ సుబ్బారావు గురించీ ఎందరో రాశారు. నేను రాయబోయే మనిషి ఆ వరసలో కూర్చోదగినవాడని చెప్పను. ఆయన డాక్టరు పరీక్ష పాసు కాలేదు. ప్రయోగశాలలో పనిచెయ్యలేదు. అయినా మనిషి శరీరంలోని రోగాలన్నిటికీ మూలం వెన్నుపూసల దగ్గరే ఉందని నమ్మి, ఆ నమ్మకం మీద ఒక విద్యనే స్థాపించి, దానికోసం జైలుకు కూడా పోయాడు. ఆయన పేరు డేనియల్ డేవిడ్ పామర్. ఆయన పెట్టిన విద్య పేరు కైరోప్రాక్టిక్. సైన్సు చదివే మనకు గెలిచినవాళ్ళ జీవితాలతోపాటు, సగం దారి సరిగ్గా నడిచి మిగతా సగం తప్పిపోయినవాళ్ళ జీవితాలు కూడా తెలియాలనే ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను.

* * *

పామర్ 1845 మార్చి 7న కెనడా దేశంలో, టొరాంటో నగరానికి తూర్పున ఉన్న పికరింగ్ ప్రాంతంలో పుట్టాడు. ధనిక కుటుంబం కాదు. చిన్నతనంలోనే కష్టం తెలిసింది. పెద్ద చదువుల యోగం పట్టలేదు కానీ దొరికిన పుస్తకమల్లా చదివే అలవాటు మాత్రం పట్టుకుంది. 1865లో తమ్ముడితో కలిసి దేశం విడిచి అమెరికాకు బయల్దేరాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏళ్ళు, అంటే ఇప్పుడు నా ఈడు. అమెరికాలో అంతర్యుద్ధం అప్పుడే ముగింపుకొచ్చింది. ఎక్కడ చూసినా కొత్త ఊళ్ళు, కొత్త రైలుమార్గాలు. చేతిలో పని ఉన్నవాడికి బతుకుతెరువు దొరికే రోజులు.

మొదట పల్లెటూరి బళ్ళలో పంతులుగా చేశాడు. తర్వాత 1870 దశకంలో మిసిసిపి నది ఒడ్డున, ఇల్లినాయ్ రాష్ట్రంలోని న్యూ బోస్టన్ దగ్గర పదెకరాల భూమి కొన్నాడు. తేనెటీగలు పెంచాడు, పండ్లమొక్కల నారు పోసి అమ్మాడు. రాస్‌బెర్రీ అనే పండుచెట్టులో ఆయన పెంచి అమ్మిన రకానికి ఆ రోజుల్లో మంచి పేరే వచ్చింది. అంటే మన పామర్ ముందు రైతు, ఆ తర్వాతే వైద్యుడు. 1880 దశకం మొదట్లో ఆ వ్యాపారం దెబ్బతింటే, అయోవా రాష్ట్రానికి పోయి కిరాణా కొట్టు పెట్టాడు. బంగారు చేపలు కూడా అమ్మాడు. అక్కడే 1882లో ఆయనకు కొడుకు పుట్టాడు. బార్ట్‌లెట్ జాషువా అని పేరు. లోకం ఆ కొడుకును బి.జె. అని పిలిచింది. తండ్రి నాటిన మొక్కను చెట్టు చేసినవాడు ఈ బి.జె.; తండ్రిని ఆ చెట్టు నీడలో నిలవనియ్యనివాడు కూడా ఇతనే. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

* * *

నలభై ఏళ్ళు దాటాక పామర్ జీవితం మలుపు తిరిగింది. 1886 ప్రాంతంలో ఆయన అయస్కాంత వైద్యం మొదలుపెట్టాడు. పేరు విని ఇనుప అయస్కాంతాలు వాడేవాడనుకునేరు! అదేం లేదు. మనిషిలో ఒక జీవశక్తి ఉంటుందనీ, ఆరోగ్యవంతుడి చేతుల్లోంచి అది రోగి ఒంట్లోకి పోతుందనీ నమ్మకం. చేతులు ఆనించడమే వైద్యం. 1887లో డావెన్‌పోర్ట్ పట్టణం చేరి, అక్కడ ఒక పెద్ద భవనంలో గదులు తీసుకుని రోగులను చూడసాగాడు. జనం బాగానే వచ్చారు.

ఇప్పుడు మనకు ఇది నవ్వుగా అనిపించవచ్చు. కానీ ఆనాటి మందుల సంగతి కూడా చూడాలి. పాదరసం కలిసిన కాలొమెల్ ఇచ్చి కడుపు కడిగేవారు. చంటిపిల్లలకు సైతం నల్లమందు కలిపిన సిరపులు పట్టేవారు. యాంటీబయాటిక్ అన్న మాటే లేదు. అలాంటి రోజుల్లో ఏ మందూ ఇవ్వకుండా, నాలుగు మంచి మాటలు చెప్పి, నొప్పి ఉన్నచోట చెయ్యి వేసేవాడి దగ్గరికి జనం పోవడంలో వింతేముంది? కనీసం ఆయన చేతిలో విషం మింగే పని లేదు.

పామర్‌కు ఒక మంచి గుణముంది. ఊరుకునేవాడు కాదు, అడిగేవాడు. ఒకే కొట్లో పనిచేస్తూ, ఒకే బల్ల దగ్గర తింటూ, ఒకే గాలి పీల్చే ఇద్దరిలో ఒకడికే జబ్బు ఎందుకొస్తుంది, రెండోవాడికి ఎందుకు రాదు? ఈ ప్రశ్న ఆయన్ని ఏళ్ళ తరబడి వదల్లేదు. ఇది అల్లాటప్పా ప్రశ్న కాదు. ఇప్పటి వైద్యశాస్త్రం వ్యాధి నిరోధకశక్తి, వంశపారంపర్యం, పోషణ అని దీనికి రకరకాల జవాబులు వెతుకుతూనే ఉంది. ప్రశ్న బాగానే అడిగాడు. జవాబు దగ్గర తొందరపడ్డాడు.

* * *

పామర్ తర్వాత రాసుకున్న లెక్క ప్రకారం ఆ రోజు 1895 సెప్టెంబరు 18. ఆయన గదులున్న భవనాన్ని ఊడ్చి శుభ్రం చేయించే నల్లజాతి మనిషి ఒకడుండేవాడు, పేరు హార్వీ లిల్లర్డ్. పదిహేడేళ్ళుగా అతనికి చెవులు సరిగా వినపడవు. ఎందుకలా అయిందని అడిగితే, ఒకనాడు ఇరుకుచోట వంగి పనిచేస్తుండగా వీపులో ఏదో కదిలినట్టయిందనీ, అప్పటినుంచీ వినికిడి పోయిందనీ చెప్పాడట. పామర్ అతని వీపు తడిమి చూస్తే ఒక పూస ఉబ్బెత్తుగా చేతికి తగిలింది. అతన్ని బోర్లా పడుకోబెట్టి ఆ పూసను ఒక్క తోపు తోశాడు. లిల్లర్డ్‌కు వినికిడి వచ్చిందని పామర్ కథనం. లిల్లర్డ్ కూతురు చెప్పిన కథ వేరు. తన తండ్రి ఎవరికో హాస్యకథ చెబుతుంటే పామర్ విని నవ్వుతూ వీపు మీద పుస్తకంతో చరిచాడనీ, కొన్నాళ్ళకు వినికిడిలో తేడా కనిపించిందనీ ఆమె చెప్పింది. ఏది నిజమో ఈనాడు తేల్చే సాక్ష్యం లేదు.

జంతుశాస్త్రం చదివినవాళ్ళకు ఇక్కడే ఒక సందేహం రావాలి. వినికిడి నాడి వెన్నెముకలోంచి పోదు. అది ఎనిమిదో కపాలనాడి. లోపలి చెవిలో పుట్టి పుర్రె లోపలినుంచే మెదడుకాండానికి చేరుతుంది. వీపులోని పూసను తోస్తే ఆ నాడి మీది ఒత్తిడి తగ్గిందనడానికి శరీరనిర్మాణం ఒప్పుకోదు. పామర్ మాత్రం ఆ దారిన ఆలోచించలేదు. కొద్దిరోజులకే గుండెజబ్బు ఉన్న మరో మనిషికి వీపులో పూస సరిచేస్తే నయమైందని రాసుకున్నాడు. రెండు అనుభవాలు చాలు, ఆయనకు సిద్ధాంతం దొరికింది. పూస పక్కకు జరిగితే నాడి నలుగుతుంది. నాడి నలిగితే అవయవం చెడుతుంది. పూసను చోటులో పెడితే రోగం పోతుంది. ఇంతే!

ఇంకో వింత చూడండి. లిల్లర్డ్ సంఘటన జరిగిందన్న ఆ సెప్టెంబరుకు రెండు నెలలు తిరక్కుండానే, 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్‌రే కిరణాలను కనిపెట్టాడు. ఒక ఖండంలో ఒకాయన చేతివేళ్ళతో ఎముకలను తడిమి లోపల ఏముందో ఊహిస్తున్నాడు. మరో ఖండంలో మరొకాయన ఆ ఎముకలనే కంటికి చూపించే వెలుగు పట్టుకున్నాడు. తర్వాతి కాలమంతా ఈ రెండింటి మధ్యే నడిచింది.

* * *

పామర్ దగ్గర వైద్యం పొందిన శామ్యూల్ వీడ్ అనే క్రైస్తవ గురువు గ్రీకు భాష తెలిసినవాడు. చెయ్యి, పని అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి ఆయనే కైరోప్రాక్టిక్ అన్న పేరు కట్టిచ్చాడు. అంటే చేతితో చేసే పని అన్నమాట. 1897కల్లా పామర్ బడి పెట్టాడు. మొదటి నాలుగైదేళ్ళలో వచ్చిన విద్యార్థులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. విచిత్రమేమిటంటే ఆ కొద్దిమందిలో డాక్టరు పట్టాలున్నవాళ్ళు కూడా ఉన్నారు. చదివిన చదువు చాలదనిపించి, చెయ్యి నేర్చుకోవడానికి వచ్చారు. 1902లో బి.జె. కూడా పట్టా పుచ్చుకున్నాడు.

ఎముకలు సరిచేసే విద్య పామర్‌తో పుట్టింది కాదు. యూరపులో తరతరాలుగా ఎముకలు కట్టేవాళ్ళున్నారు. అమెరికాలోనే ఆండ్రూ టేలర్ స్టిల్ అనే ఆయన 1874 నుంచి ఆస్టియోపతి అన్న పేరుతో ఇలాంటి విద్యనే చెబుతూ, 1892లో బడి కూడా పెట్టాడు. పామర్ ఆ విద్యను కాపీ కొట్టాడని ఆ పక్షం వాళ్ళు ఆరోపించారు. పూసలను సరిచెయ్యడం తనతో మొదలైందని పామర్ కూడా అనలేదు. పూసకు వెనకా పక్కనా ఉండే కొమ్ములను మీటగా వాడి, ఆ ఒక్క పూసనే కదిలించే పద్ధతి మాత్రం తనదన్నాడు.

మన ప్రాంతంలో మాత్రం ఈ విద్య లేదా? ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పోయే జనం తెలుగు జిల్లాలన్నిటా ఉన్నారు. చిత్తూరు వైపు ఒక కుటుంబం పందొమ్మిదో శతాబ్దం చివరినుంచీ ఆ కట్టు కడుతూ వచ్చింది. ఇక నడుం పట్టేస్తే మా పల్లెల్లో చేసే వైద్యం అందరికీ తెలిసిందే. ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి పిలిచి నడుం మీద మెల్లగా తన్నించుకుంటారు. తిరుమలాయపాలెం చుట్టుపక్కల మిరపతోటల్లో, పత్తిచేలల్లో పొద్దంతా వంగి ఏరే ఆడవాళ్ళను చూడండి. నాట్ల కాలంలో మోకాలు లోతు బురదలో వంగినవాళ్ళు సాయంత్రానికి ఒక్కసారిగా నిలబడలేరు, చేతులు నడుం మీద పెట్టి మెల్లమెల్లగా లేస్తారు. భద్రాచలం అడవి అంచుల్లో ఎండల కాలంలో తునికాకు కోసేవాళ్ళ సంగతీ అంతే. ఈ నడుములకు ఒక చెయ్యి కావాలి. ఆ చెయ్యి పడితే కొంత సుఖం కలుగుతుంది. అది భ్రమ అనడానికి వీల్లేదు.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. పామర్ చేతికింద పడుకున్న నడుంనొప్పి మనుషుల్లో చాలామంది నిజంగానే తేలికపడి లేచి ఉంటారు. చిక్కల్లా నడుంనొప్పి తగ్గించిన చెయ్యే జ్వరాన్ని, మధుమేహాన్ని, గుండెజబ్బును తగ్గిస్తుందని అనుకోవడంలో వచ్చింది. నూటికి తొంభై అయిదు రోగాలు పూసలు జరగడం వల్లే వస్తాయనీ, తక్కిన అయిదూ ఇతర కీళ్ళు జరగడం వల్ల వస్తాయనీ ఆయన లెక్కకట్టి రాశాడు. ఆ లెక్క ఎక్కడ తీశాడు? ఎందరు రోగులను చూసి, ఎందరిని చూడకుండా వదిలి, ఎవరితో ఎవరిని పోల్చి తీశాడు? ఇవేమీ లేవు. మన ప్రాక్టికల్ రికార్డులో ఇలా రాస్తే లెక్చరరు గారు సంతకం పెడతారా?

* * *

1906లో అయోవా ప్రభుత్వం ఆయన మీద కేసు పెట్టింది. లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడన్నది నేరం. జరిమానా కట్టు, లేకపోతే జైలుకు పో అని కోర్టు తీర్పు. అరవై ఒకటో ఏట పామర్ జైలునే ఎంచుకున్నాడు. తన విద్య సత్యమైతే జరిమానా ఎందుకు కట్టాలన్నది ఆయన పట్టుదల. కొద్ది వారాలకే జరిమానా కట్టి బయటికొచ్చాడు గాని, ఆ జైలువాసం అనుచరుల్లో ఒక సంప్రదాయమే సృష్టించింది. తర్వాతి దశాబ్దాల్లో వందలమంది కైరోప్రాక్టర్లు ఇదే నేరం మీద జైళ్ళకు పోయారు.

బయటికొచ్చేసరికి బడి చెయ్యి జారింది. అదే ఏడాది బడి కొడుకుకు అమ్మెయ్యవలసి వచ్చింది. తండ్రీకొడుకుల మధ్య మాటా మాటా పెరిగింది. ఇద్దరూ పట్టుదల మనుషులే, ఇద్దరికీ ఎదుటివాడి మాట పడదు. పామర్ ఇంటి సంసారం కూడా సుఖంగా సాగలేదు. భార్యలు పోవడం, విడిపోవడం, మళ్ళీ పెళ్ళి, ఇలా చాలాసార్లే జరిగింది. పిల్లలను గట్టిగా కొట్టేవాడని పెద్దయ్యాక కొడుకే రాశాడు. లోకానికి చేతితో హాయినిచ్చానన్నవాడి చెయ్యి ఇంట్లో అలా ఉండేదట! జీవితచరిత్ర రాసేటప్పుడు ఇది దాచకూడదు.

తర్వాత పామర్ ఓక్లహోమా పోయాడు. తమ్ముడి దగ్గర మళ్ళీ కిరాణా వ్యాపారం, మళ్ళీ ఒక బడి. అది నిలవలేదు. పసిఫిక్ తీరాన పోర్ట్‌లాండ్‌లో ఇంకో బడి పెట్టాడు. అదీ నిలవలేదు. అక్కడున్నప్పుడే 1910లో దాదాపు వెయ్యి పేజీల పెద్ద పుస్తకం అచ్చువేశాడు. అందులో శరీరశాస్త్రముంది, వాదముంది, కొడుకు మీదా పాత శిష్యుల మీదా కోపముంది. అప్పటికి ఆయన సిద్ధాంతం కూడా మారింది. మొదట్లో పూస జరిగితే నాడి నొక్కుకుపోతుంది అన్నవాడు, ఇప్పుడు నాడి బిగువు ఎక్కువైనా తక్కువైనా రోగమే అన్నాడు. శరీరంలో పుట్టుకతో వచ్చిన ఒక తెలివి ఉంటుందనీ, అది నాడుల ద్వారా శరీరాన్ని నడుపుతుందనీ చెప్పాడు. శాస్త్రంగా మొదలైనది మెల్లగా మతంలాగా మారిపోయింది. 1910లోనే అమెరికాలో ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చింది. ప్రయోగశాల, ఆసుపత్రి లేని వైద్య కళాశాలలను మూసెయ్యాలని ఆ నివేదిక చెప్పింది. ఆ దేశపు వైద్యం ఒక దారి పట్టిన ఏడే పామర్ పుస్తకం ఇంకో దారి పట్టింది.

* * *

1913 ఆగస్టులో డావెన్‌పోర్ట్‌లో బి.జె. నడిపే బడి ఉత్సవానికి పామర్ పోయాడు. ఊరేగింపులో తండ్రి ముందు నడవబోవడం, కొడుకు కాదనడం, గొడవ. కొడుకు కారుతో తండ్రిని గుద్దాడని తర్వాత ఆరోపణ వచ్చింది, కోర్టుల దాకా పోయింది, రుజువు కాలేదు. అదే ఏడాది అక్టోబరు 20న లాస్ ఏంజిలెస్‌లో పామర్ చనిపోయాడు. వయసు 68. కారణం టైఫాయిడ్ జ్వరం.

ఇక్కడ కాస్త ఆగాలి. టైఫాయిడ్ సూక్ష్మజీవిని 1880లోనే ఎబెర్త్ అనే ఆయన చూశాడు. అది నీటిలోంచి, తిండిలోంచి వస్తుందని పామర్ చనిపోయేనాటికి లోకానికి తెలుసు. టీకా 1896 ప్రాంతంలో వచ్చింది. 1911లో అమెరికా సైన్యం దాన్ని తన సిపాయిలకు తప్పనిసరి చేసింది. పామర్ మాత్రం టీకాలకు బద్ధవిరోధి. రోగానికి మూలం సూక్ష్మజీవి అన్న మాటను జీవితాంతం ఒప్పుకోలేదు. ఏ రోగానికి తన సిద్ధాంతంలో చోటు లేదో ఆ రోగమే ఆయన్ను తీసుకుపోయింది. ఇందులో ఎగతాళి చెయ్యవలసిందేమీ లేదు. ఆ రోజుల్లో టైఫాయిడ్‌కు సరైన మందు డాక్టర్ల దగ్గర కూడా లేదు. అయితే నీళ్ళు కాచి తాగమనీ, టీకా వేయించుకోమనీ చెప్పగల శాస్త్రం మాత్రం ఉంది. నూటికి తొంభై అయిదు అన్న లెక్క మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందో తెలుసుకోవడానికి ఈ ఒక్క మరణం చాలు.

* * *

మనిషి పోయినా విద్య పోలేదు. 1913లోనే కాన్సాస్ రాష్ట్రం కైరోప్రాక్టర్లకు లైసెన్సు చట్టం చేసింది. ఒక్కొక్క రాష్ట్రమే ఒప్పుకుంటూ వచ్చి, ఆఖరిది లూసియానా 1974లో ఒప్పుకుంది. కైరోప్రాక్టర్లను వెలివేయడానికి అమెరికా డాక్టర్ల సంఘం చేసిన ప్రయత్నం చట్టవిరుద్ధమని 1987లో కోర్టు తీర్పు చెప్పింది. బి.జె. 1910లోనే తన బడికి ఎక్స్‌రే యంత్రం తెచ్చాడు. జరిగిన పూసలను అందరికీ చూపించాలని ఆశ. కానీ ఎక్స్‌రే నిష్పక్షపాతి. ఆరోగ్యంగా తిరిగేవాళ్ళ పూసల్లోనూ వంకరలు చూపించింది, నొప్పితో మూలిగేవాళ్ళ పూసలు కొన్నిసార్లు సవ్యంగానే ఉన్నాయని చూపించింది.

1934లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు మరో సంగతి బయటపెట్టారు. పూసకూ పూసకూ మధ్య మెత్తలా ఉండే డిస్క్ పగిలి బయటికి పొడుచుకువచ్చి నాడిని నొక్కితే, నడుంనుంచి కాలిదాకా లాగే నొప్పి వస్తుందని నిరూపించారు. నాడి నలుగుతుందన్న పామర్ ఊహలో ఒక ముక్క నిజమైందన్నమాట. కాకపోతే నలిపేది పక్కకు జరిగిన పూస అయి ఉండనక్కర్లేదు, నలిగినచోట వచ్చేవి ఆ నాడి పోయే దారిలోని నొప్పి, తిమ్మిరి, బలహీనత. చెవుడూ కాదు, మధుమేహమూ కాదు. వీపు సరిచేసేటప్పుడు వచ్చే టప్పుమనే చప్పుడు సంగతీ అంతే. పూస చోటులో కూర్చున్న చప్పుడని జనం అనుకుంటారు. కీలులోని ద్రవంలో ఒత్తిడి ఒక్కసారి తగ్గి వాయువు ఖాళీ ఏర్పడే చప్పుడది. వేళ్ళు విరుచుకున్నప్పుడు వచ్చేదీ ఇదే. 2015లో వేలికీలును ఎం.ఆర్.ఐ. యంత్రంలో పెట్టి ఈ ఖాళీ ఏర్పడటం చూశారు.

ఈ శాస్త్రమంతా పామర్ విద్య చదివే పిల్లల దగ్గరికి కూడా చేరకుండా ఉంటుందా? ఆ కళాశాలల్లో నూరేళ్ళుగా రెండు పక్షాలున్నాయి. గురువు చెప్పిందే అక్షరాలా నిజమనేవాళ్ళు ఒకరు. గురువు చెయ్యిని ఉంచుకుని, గురువు లెక్కను వదిలేద్దామనేవాళ్ళు ఇంకొకరు. విద్యార్థి మొదటి ఏడు వెన్నుపూసే సర్వస్వమన్న ఉత్సాహంతో చేరతాడు. శరీరనిర్మాణం, వ్యాధిశాస్త్రం చదివేకొద్దీ ప్రశ్నలు పుడతాయి. ఆఖరుకు ఎవరి వెన్ను మీద చెయ్యి వెయ్యకూడదో, ఎవరిని వెంటనే ఆసుపత్రికి పంపాలో నేర్చుకోవడమే పెద్ద చదువని తెలుస్తుంది. 2010లో బ్రిటన్‌లోని కైరోప్రాక్టర్ల నియంత్రణ మండలే, పూస జరగడం వల్ల రోగాలొస్తాయన్నది చారిత్రక భావన మాత్రమేననీ, దానికి రుజువు లేదనీ ప్రకటించింది. ఇంకోవైపు 2017లో అమెరికా వైద్యుల కళాశాల మామూలు నడుంనొప్పికి మందుకంటే ముందు ప్రయత్నించదగిన పద్ధతుల్లో వ్యాయామం, వేడి కాపడంవంటి వాటితోపాటు వెన్ను సరిచేసే పద్ధతిని కూడా చేర్చింది. లాభం కొద్దిపాటిదే, అయినా లాభమే. మెడను ఒక్కసారిగా తిప్పేస్తే మాత్రం ఎప్పుడో ఒకరికి మెదడుకు పోయే రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదముందని కూడా డాక్టర్లు హెచ్చరిస్తున్నారు. క్షవరం చేశాక మెడ టక్కున తిప్పించుకునే అలవాటు మన ఊళ్ళలో ఇంకా ఉంది. ఇది చదివినవాళ్ళు మానుకుంటే మంచిది.

* * *

పామర్ కథ ఎక్కడో అమెరికాలోది, మనకెందుకు అంటారేమో! వంగిపోయిన వెన్నుల కథ మన తెలుగు నేల మీదే ఒకటి జరిగింది. దాన్ని ఈ కథ పక్కన పెట్టి చూడండి.

1930 దశకంలో, ఆనాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో రైతులు ఒక వింత గమనించారు. ఎద్దులు నడవలేకపోతున్నాయి. కీళ్ళు బిగుసుకుపోతున్నాయి. మనుషుల్లో కూడా పళ్ళు గారపట్టడం, మెడ తిరగకపోవడం, నడుం వంగి కొయ్యబారిపోవడం. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటి పరిశోధకులు ఆ ఊళ్ళ మనుషులను పరీక్షించి, ఎక్స్‌రేలు తీసి, నీళ్ళు పరీక్షించి కారణం తేల్చారు. బావినీళ్ళలోని ఫ్లోరైడ్! ఏళ్ళ తరబడి తాగిన ఫ్లోరైడ్ ఎముకలో చేరి, పూసలను పట్టివుండే కండరాల్లాంటి తంతువులను కూడా ఎముకలా గట్టిపరుస్తుంది. వెన్నుపాము పోయే గొట్టం ఇరుకైపోతుంది. కాళ్ళు పడిపోతాయి. మన పక్కనున్న నల్లగొండ జిల్లా ఇదే బాధ ఎన్ని తరాలు పడిందో చెప్పనక్కర్లేదు. 1970 దశకంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవాళ్ళు పటిక, సున్నం కలిపి నీళ్ళలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేస్తే దానికి నల్లగొండ పద్ధతి అనే పేరొచ్చింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ కింద నదినీళ్ళు ఊళ్ళకు రావడానికి వెనక ఈ వంగిన వెన్నుల బాధ కూడా ఒక కారణం.

ఇప్పుడు ఆలోచించండి. అలాంటి వెన్నును పామర్ చేతికింద పడుకోబెడితే ఏమయ్యేది? ఆయనకు పూసలు బిగుసుకుపోయి కనిపించేవి. అది నిజమే. సిద్ధాంతం ప్రకారం తోసేవాడు. రాయిలా మారిన వెన్ను విరిగినా విరిగేది. రోగం వెన్నులో కనబడుతోంది, కారణం మాత్రం ఊరిబావిలో ఉంది. చేతివేళ్ళు ఎంత నేర్పుగలవైనా బావినీటి రుచి చెప్పలేవు. దానికి పరీక్షనాళిక కావాలి, పదిమందిని పరీక్షించి పక్కఊరివాళ్ళతో పోల్చే ఓపిక కావాలి. ఎద్దు కుంటడం ముందుగా చూసిన రైతు కన్ను కూడా కావాలి. ఈ గౌరవంలో కొంత ఆ రైతులకు దక్కాలని ఒక రైతుబిడ్డగా నా కోరిక.

* * *

మన ఇళ్ళలో అమ్మకో నాన్నకో నడుం నొప్పి లేస్తే ఏం చెయ్యాలి? ఎక్కువభాగం నడుంనొప్పులు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. మంచాన పడివుండకుండా, చేతనైనంత తిరుగుతూ ఉంటే తొందరగా తగ్గుతాయి. కాపడం పెట్టించుకోవచ్చు, నేర్చినవాళ్ళ చేత మెల్లగా మర్దన చేయించుకోవచ్చు. కానీ కాళ్ళల్లో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, జ్వరం వస్తూ మనిషి చిక్కిపోతున్నా, పైనుంచి పడ్డాక నొప్పి మొదలైనా ఆలస్యం పనికిరాదు. అప్పుడు తన్నించుకోవడమూ వద్దు, తొక్కించుకోవడమూ వద్దు. నేరుగా ఆసుపత్రికి పోవాలి. వెన్నుకు పట్టే క్షయ మన దేశంలో ఇంకా ఉంది. మందులతో నయమవుతుంది, వీపు తోస్తే కాదు.

పామర్‌ను దేవుడని కొలిచినవాళ్ళున్నారు, దొంగవైద్యుడని తిట్టినవాళ్ళున్నారు. నాకాయన ఒక రైతులా కనిపిస్తాడు. తన పదెకరాల్లో ఒక పంట బాగా పండిందని లోకంలోని నేలంతటికీ అదే విత్తనమని ప్రకటించిన రైతు. నల్లరేగడిలో పండిన పత్తి చల్కలో అలాగే పండుతుందా? నేలను బట్టి పంట, నీటిని బట్టి పైరు అన్నది మన తాతలకు తెలుసు. శరీరం కూడా అలాంటి పొలమే. నరాలున్నాయి, నెత్తురుంది, నీళ్ళున్నాయి, సూక్ష్మజీవులున్నాయి, చేసే కష్టం ఉంది, తినే తిండి ఉంది. వెన్ను వీటన్నిటి మధ్యా నిలబడి ఉంది.

ఒకే కొట్లో పనిచేసే ఇద్దరిలో ఒకడికే జబ్బు ఎందుకన్న ఆయన ప్రశ్న మాత్రం నిలిచే ఉంది. ఆ ప్రశ్న మనం తీసుకోవాలి. జవాబు దొరికిందనిపించిన రోజున ఇంకో పదిమందిని పరీక్షించి చూసే అలవాటు కూడా చేసుకోవాలి. మన సైన్సు పిల్లలు ఎవరైనా రేపు డాక్టర్లయి, ఫిజియోథెరపీ చదివి, నీళ్ళ పరీక్షలు చేసే కెమిస్టులై మా ఊళ్ళవైపు వస్తే, పత్తి ఏరి వచ్చిన ఆ నడుముల మీద ముందు చెయ్యి వేసి చూడండి. తర్వాత ఆ ఇంటి బావినీళ్ళు కూడా ఒక సీసాలో పట్టుకుపోండి.